కప్పతల్లికి చెంబెడు నీళ్లు

అక్క ఆదెమ్మ నీళ్ల చెంబు చేతికిచ్చినా వనజ కదల్లేదు. వాకిట్లో ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టుకొచ్చి వాన కోసం పాడుతున్నారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోయాలి.

"పొయ్యవే. పత్తి మొలకలు మాడుతున్నయ్."

"వాన రమ్మని నేనెట్ల అడగాలె అక్కా?"

గోదావరి ఇల్లు ముంచేస్తే వనజ నిన్ననే ఈ గుట్టల ఊరికి వచ్చింది. భర్త ఇంకా అక్కడే, బడి మిద్దె మీద ఉన్నాడు.

"మీకు ఎక్కువైంది. మాకు చుక్క లేదు. ఏం జెయ్యాలె?"

వనజ కప్పకేసి చూసింది. "గింత ఎండిన ఊళ్లె ఇది యాడ దొరికింది?"

"మా దగ్గర కప్పలెక్కడివే? నిన్న నీ తడిబట్టల మూట విప్పితే దుంకింది."

వనజ చెంబులో వేళ్లు ముంచి, కప్ప మీద నాలుగు చుక్కలు చిలకరించింది. మిగతా నీళ్లు ఒలక్కుండా చెంబును రెండు చేతులా పట్టుకుంది.