అందుకోని జీపు

చేసిందంతా మీరే, ఆఫీసరు గారూ. మా కొండకి రోడ్డు వెయ్యరు. బండికి డ్రైవర్ని వెయ్యరు. ఇప్పుడు విచారణ మాత్రం వేస్తారు. పాతికేళ్ల నాటి జీపొకటి నర్సు మొహాన పడేసి, కొండ మీది ఊళ్లన్నీ తిరిగి చీకటి పడేలోగా తెచ్చి షెడ్డులో పెట్టమన్నది మీరు కాదా? అది అన్నాళ్లు టైలర్ ఇంటి ముందు ముక్కలై ఎందుకు పడుందని అడగడానికి మీకు నోరెలా వచ్చింది? సరే, అడిగారు కాబట్టి వినండి.

ఆ రోజు నర్సు ఎప్పట్లాగే తనే జీపు నడుపుకుంటూ వచ్చింది. జ్వరాలు చూసింది, పుళ్లకి కట్లు కట్టింది. చివర్లో టైలర్ భార్య పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. నెలలు నిండాయి. కాళ్లు నీరు పట్టి ఉన్నాయి.

"నొప్పులు ఎప్పుడైనా రావొచ్చు," అంది.

"అయితే ఇప్పుడే మీతోపాటు ఆస్పత్రికి దించండి నర్సమ్మా," అన్నాడు టైలర్. "పోయిన వానల్లో వడ్రంగి పెళ్లాన్ని నొప్పులొచ్చాక ఎక్కించారు. దార్లోనే పోయింది. నా భార్యకి ఆ గతి పట్టకూడదు."

వడ్రంగి పెళ్లాం పోయిన రోజు కూడా జీపు నడిపింది నర్సే.

బయటికెళ్లి రేడియేటర్లో నీళ్లు పోసుకుంది. బానెట్ మూసింది. టైలర్ భార్య బట్టల మూటతో సహా వెనక సీట్లో కూర్చుంది. తాళం తిప్పితే జీపు కుయ్ కుయ్ మంది. ఇంజను అందుకోలేదు. ఎన్నిసార్లు తిప్పినా అదే పాట.

కిందికి మనిషిని పంపారు. మీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మెకానిక్ ఇప్పట్లో రాడు, ఎవరి చేతనైనా బాగు చేయించుకోవాలి, ప్రభుత్వ బండిని వదిలి నర్సు అడుగు కదిపితే ఉద్యోగం ఊడుతుంది. నిండు గర్భిణి సంగతి ఎవరూ ఎత్తలేదు.

"సరే, బండికి కాపలా," అని నర్సు టైలర్ ఇంట్లో ఓ చాప అడిగి పరుచుకుంది.

ఇక టైలర్ నడుం కట్టాడు. అతనికి తెలిసిన యంత్రం కుట్టుమిషనొక్కటే. అది మొరాయిస్తే నూనె చుక్క వేసేవాడు. జీపుకీ వేశాడు. పలకలేదు. కుట్టు తప్పితే మొదటి కుట్టు దాకా ఊడదీయాలన్నది అతని వృత్తిలో నియమం. ఊడదీయడం మొదలుపెట్టాడు.

నట్లు సైజులవారీగా బొత్తాల డబ్బాల్లో వేశాడు. వైరు వైరుకీ ఒక రంగు గుడ్డపీలిక కట్టాడు. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా రేకు మీద సుద్దముక్కతో గీతలు గీశాడు.

భార్య గడప మీద కూర్చుని చూస్తోంది.

"ఏమయ్యా, నా కోటు కుట్లు ఊడదీసి మూడేళ్లయింది. చేతులు రెండూ ఇంకా సంచిలోనే ఉన్నాయి. ఇప్పుడు దీన్ని నమ్ముకోమంటావా?"

"కోటుకి తొందరేముంది? దీనికి ఉంది."

"దీనికి కాదయ్యా తొందర. నాకు."

నర్సు పక్కన స్టూలేసుకుని కూర్చునేది. బండ్ల గురించి నాకేం తెలుసంటూనే పనులు పురమాయించేది. పెట్రోలు గొట్టం నోటితో ఊదమంది. ఊదబోయి ఓ గుక్క మింగాడు. ఆ పూట వైద్యం అతనికే జరిగింది.

"చక్రాలు కూడా విప్పి చూస్తే మంచిదేమో," అంది ఇంకో రోజు.

"స్టార్టవడానికీ చక్రాలకీ ఏం సంబంధం నర్సమ్మా?"

"ఏమో మరి. మనిషికి తలనొప్పంటే కాళ్లూ చూస్తాం."

విప్పాడు. ప్లగ్గులు తోమాడు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తుడిచి, మళ్లీ పెట్టాడు. తుప్పు గీకాడు. చిల్లులు పడ్డ అడుక్కి రేకు అతికించాడు. సీట్లకి తొడుగులు, పైన కొత్త కాన్వాసు టాపు కుట్టాడు. ఖాళీగా ఎందుకని నర్సు పొద్దునా సాయంత్రం అతని భార్య నాడి, వాపు చూస్తూ, మాత్రలు మింగిస్తూ ఉంది. అన్నీ బిగించాక జీపు కొత్త పెళ్లికూతురిలా ఉంది. నడవడమొక్కటే తక్కువ.

ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. టైలర్ పరిగెత్తుకెళ్లి తాళం తిప్పాడు. కుయ్ కుయ్. మళ్లీ తిప్పాడు. స్టీరింగు మీద తల వాల్చి భోరుమన్నాడు.

"ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, నీళ్లు కాచు," అని లోపల్నుంచి నర్సు కేకేసింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తం ఆగలేదు. నర్సు సూది వేసింది. పొత్తికడుపు అదిమి పట్టి రుద్దుతూ కూర్చుంది. ఇంకో సూది వేసింది. పోతుందనుకున్న మనిషి కళ్లు తెరిచి, నీళ్లడిగింది.

"ఆ కుదుపుల్లో అయ్యుంటే నా చెయ్యి నిలిచేది కాదు," అంది నర్సు చేతులు కడుక్కుంటూ. వడ్రంగి భార్య పేరెత్తలేదు.

తల్లీ బిడ్డా తేరుకున్నాక టైలర్ తల దించుకుని వచ్చాడు.

"డబ్బాల్లో ఒక్క నట్టు కూడా మిగల్లేదు నర్సమ్మా. అయినా అందుకోదు. నా చేతకానితనం వల్ల మీరిక్కడ ఇరుక్కుపోయారు."

"ఈ ఊళ్లో ఇంకో ఇద్దరికి నెలలు నిండుతున్నాయి," అంది నర్సు. "చెడిపోయిన బండి కోసం నన్ను ఉండమన్నారు. కనబోయే మనిషి కోసం ఉండమనరు. ఊరంతా కిందికి పోదాం. ఇక్కడ నాకో గది, కాన్పుకో మంచం, ఉండమని ఓ సంతకం అడుగుదాం. ఆ సంతకం పడేదాకా ఆఫీసు గుమ్మంలోంచి ఒక్కరూ లేవద్దు."

"లేవం. ముందు బండి నడవాలిగా?"

నర్సు బొడ్డున దోపిన రుమాలు తీసి, మొదటి రోజు నీళ్లు పోయడానికి బానెట్ ఎత్తినప్పుడు తానే డిస్ట్రిబ్యూటర్లోంచి పీకి దాచిన వేలెడంత నల్లముక్కని అతని అరచేతిలో పెట్టి, "ఇది బిగించు, అందుకుంటుంది, పట్టినంతమందిని ఎక్కించు," అంది.