మంగ్లు కనకను తెచ్చుకున్నాడు

“కనక పేరు తీసేయండి మేడమ్,” అన్నాడు మంగ్లు. “నా పేరు ఉంచినా పర్నేదు. ఆ పేరు మాత్రం వద్దు.”

బిందుమాధవి రికార్డరు మీద పడ్డ మంచు తుడుచుకుంటూ నవ్వింది. ఆమె విశాఖపట్నం నుంచి భాషల పరిశోధనకు వచ్చింది. నిన్న సాయంత్రం మంగ్లు జీపులోనే కొండెక్కి ఊరి బడిలో దిగింది. అన్ని ఇళ్ళలోనూ అవే మాటలు అనిపిస్తేనే ఎవరి భాష ఎలా ఉందో తేలుతుందని, మధ్యలో పేర్లు మారిస్తే పని పాడవుతుందని చెప్పింది.

ఆమెకు కావలసింది చిన్న సంగతే. తెలుగులో మంగ్లు కుండ చూశాడు అంటే చాలు. కుండకు ఏమీ తగిలించక్కర్లేదు. మనిషయితే మాత్రం మంగ్లు కనకను చూశాడు అనాలి. చివర ఆ ‘ను’ అనే తోక లేకపోతే మాట కుంటుతుంది. కొన్ని భాషల్లో రాయికీ మనిషికీ ఒకటే తోక. కొన్నిట్లో ఎవరికీ తోకే లేదు, మాట నిలబడ్డ చోటును బట్టి పోల్చుకోవాలి. ఈ ఊళ్ళో ఒక గడపలో ఒడియా కలిసిన మాట, పక్క గడపలో కొండ మాట. ఎవరు దేనికి తోక పెడతారో ఆమె వినాలి.

మంగ్లుకు తోకలతో పని లేదు. ఈ మాటలు కనక తండ్రి చెవిన పడతాయనే అతని భయం. గంగరాజంటే ఊరందరికీ హడలు. కూతురి ఊసెత్తినవాణ్ణి కాఫీ తోట దాటేదాకా తరిమాడని చెప్పుకుంటారు. అయినా మంగ్లు ఆశ చావలేదు. సంతకు వెళ్ళేటప్పుడు కనక జీపులో ముందు సీట్లో కూర్చుంటుంది. ఆమె దిగిపోయాక ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాదు.

పిల్లను అడగాలంటే పిల్లవాడి పెద్దలు కల్లుకుండతో వెళ్ళాలి. పిల్ల వైపువాళ్ళు ముందు నోరు విప్పడం పరువు తక్కువ. మంగ్లుకు వెళ్ళే పెద్దలు లేరు. వచ్చే సంత దినానికి కనకను అడగడానికి పాడేరు వైపు నుంచి ఎవరో కల్లుకుండతో వస్తున్నారని విన్నాడు.

మంచు కదలడం లేదు. వలిసెపూల చేలు పసుప్పచ్చగా కనబడి మళ్ళీ మాయమవుతున్నాయి. మొదటి ఇల్లు గంగ అవ్వది. ఆ వాకిట్లో నిలబడ్డాడు మంగ్లు. లోపలి పొగలోంచి అవ్వ గొంతు వస్తోంది. మేడమ్ మంగ్లు కొండ చూశాడు అనమంటే, ఆమె కొండకు కూడా తోక తగిలించింది. కుండకు మాత్రం పెట్టలేదు. అదేమని అడిగితే, కొండ మనల్ని చూస్తుంది, కుండ చూడదు కదా అంది.

తర్వాత మేడమ్ ‘మంగ్లు కనకను తెచ్చుకున్నాడు’ అనమంది. అవ్వ తన మాటలో అంది. అని, బయటికి తొంగి చూసింది.

“ఎప్పుడు తెచ్చుకున్నావురా? నాతో ఒక్క మాట సెప్పనేదు.”

అది ఉత్త ఉదాహరణ అని మంగ్లు చెప్పాడు.

“ఉదారణ అంటే ఏటి?”

“జరగనిది అవ్వా.”

“జరగనిది నా సేత ఎందుకు అనిపిత్తాది? సదువుకున్న గుంట కదా.”

ఆ ఊళ్ళో జరగనిది చెప్పే అలవాటు ఎవరికీ లేదు. నోటితో అన్నాక అది అయినట్టే.

ఇల్లు తర్వాత ఇల్లు. ఒక గోడ వెనక మగ గొంతు, మంగ్లు కనకను చూశాడని. మిరియాల తీగల అవతల ఆడ గొంతు, మంగ్లు కనకను పిలిచాడని. ఇంకో గడపలో ఒక ముసలాయన దగ్గుకుంటూ, మంగ్లు కనకను తెచ్చుకున్నాడని. ఒకచోట తోక ఉంది, ఒకచోట లేదు. కనక మాత్రం అన్నిచోట్లా ఉంది. తన బతుకు ఎవరో ముందే బతికేసి, తనను మంచులో నిలబెట్టి వినిపిస్తున్నట్టుంది మంగ్లుకు. భయం ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. నిజంగానే కనక తన ఇంట్లో పొయ్యి ఊదుతోందేమో, ఒకసారి వెళ్ళి చూసి రావాలనిపించింది. దారిలో ఒక ఇంటి ముందు సౌందర్య వదిన అంబలి చిప్ప చేతికిచ్చి, పెళ్ళికొడుకు ఆకలితో తిరగకూడదంది. కాదనకుండా తాగేశాడు.

చివరి ఇల్లు గంగరాజుది. అక్కడ మెలకువ వచ్చింది.

వాకిట్లో ఆరబోసిన కాఫీ పళ్ళను గంగరాజు కాలితో తిరగేస్తున్నాడు. తలుపు వెనక కనక నిలబడి ఉంది. ఈ ఒక్క ఇంట్లో వద్దన్నాడు మంగ్లు. మేడమ్ వినలేదు. అరుగు మీద కూర్చుని ఆ మాటే అనమంది.

“అనను,” అన్నాడు గంగరాజు. “అడక్కుండా ఎలా తెచ్చుకుంటాడు?”

మేడమ్ రికార్డరు ఆపేసింది. పారిపోదామనుకున్నాడు మంగ్లు. కానీ నోరు ముందు కదిలింది.

“అడగడానికి నాకు పెద్దోళ్ళు నేరు మావా.”

“పొద్దుట్నించి ఊరు ఊరంతా ఏటి సేత్తన్నాదిరా మరి? ఆళ్ళు నీ పెద్దోళ్ళు కారా?” గంగరాజు మళ్ళీ కాఫీ పళ్ళ వైపు తిరిగాడు. “బేగి కల్లు అట్టుకురా. సంత దినం దాకా ఆగకు.”

తలుపు వెనక కనక నవ్వింది.

మంగ్లు మేడమ్‌కు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె తమ పేర్లు ఎంచుకోకపోతే ఈ జన్మలో ఈ వాకిలి తొక్కేవాణ్ణి కాదన్నాడు.

బిందుమాధవి తెల్లబోయింది.

“నేనెక్కడ ఎంచుకున్నాను? పొద్దున్నే బడికి వచ్చి, ఏ ఇంట్లో అడిగినా ఈ రెండు పేర్లే పెట్టి అడగమని చెప్పింది ఈ గంగరాజుగారే కదా.”