రోజుకో ఫొటో

తెర మీద ఎర్రటి పెట్టె మళ్లీ పైకి లేచింది. ప్రమాదకరమైన ఫైలు దొరికిందనీ, ఆపేశామనీ యాంటీవైరస్ హెచ్చరిక.

“చూశావా అబ్బాయ్, పొద్దున్నే కంప్యూటర్ వెయ్యగానే ఇదే గోల,” అన్నాడు శ్రీరంగనాయకులు.

గణపవరంలో ఆయనది ఎరువుల కొట్టు. బ్యాంకు పనులన్నీ ఆ కంప్యూటర్లోనే కాబట్టి ఎవరో దోచేస్తారని ఆయన దిగులు. ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే వినయ్ కిందటి నెల తనంతట తనే వచ్చి కార్డు ఇచ్చి వెళ్లాడు. ఆ కార్డు చూసే ఆయన ఇవాళ ఫోన్ చేసి అతన్ని పిలిపించాడు.

బయట ముసురు. ఎరువుల లారీ రావడంతో బస్తాలు తడవకుండా దింపించడానికి ఆయన గోడౌనుకి వెళ్లాడు.

వినయ్ ఆ ఫైలు తెరిచాడు. పట్టుమని పది వరసలు లేని చిన్న ప్రోగ్రాము. కంప్యూటర్ వేసిన కాసేపటికి దానంతటదే లేచి, కెమెరా తెరిచి, ఒక్క ఫొటో తీసి బయటికి పంపి, మళ్లీ పడుకుంటుంది. అంతకు మించి ఏమీ చెయ్యదు. చెప్పకుండా కెమెరా ముట్టుకునేదాన్ని దొంగ అనుకోవడంలో యాంటీవైరస్ తప్పేమీ లేదు. ఫైలు పేరు ‘అమ్మ’.

“తీసెయ్యకు బాబూ.”

కొట్టు వెనకే ఇల్లు. లోపలి గుమ్మంలో శ్రీరంగనాయకులు భార్య జగదాంబ నిలబడి ఉంది. ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. ఈ కొట్టు లెక్కలు చూసిన కూతురు చాందిని మూడేళ్ల కిందట వేరే కులం కుర్రాణ్ణి చేసుకుని వెళ్లిపోయింది. వెళ్లబోయే ముందు ఈ కెమెరా చూపించి, పొద్దున్న దీని లైటు వెలిగినప్పుడు ఎదురుగా కూర్చో అమ్మా, నేను చూస్తాను అంది. కూతురి కబురేదీ ఈ గుమ్మంలోకి తేవద్దని తండ్రి ఊళ్లో అందరికీ చెప్పేశాడు. దానితో మాట్లాడనని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు.

“మాట్లాడనని వేశాను గానీ, కనపడనని వెయ్యలేదు కదా బాబూ,” అంది.

అందుకే రోజూ ఆయన కంప్యూటర్ వేసి, దేవుడి పటాలకి అగరొత్తులు వెలిగించి వచ్చేలోగా ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంటుంది. జ్వరమొచ్చినా సరే, తల దువ్వుకుని, బొట్టు దిద్దుకుని, నవ్వుతూ. కొత్త యాంటీవైరస్ వేయించిన దగ్గర్నుంచీ లైటు వెలగడం లేదు.

“ఆ అబ్బాయి పేరైనా ఈయన వినలేదు, నన్ను విననివ్వలేదు. ఎలా ఉంటాడో ఇద్దరం ఎరగం. దాన్ని బాగా చూసుకుంటున్నాడో, లేదో.”

వినయ్ తల ఎత్తలేదు. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఆపిన ఫైలుని విడిపించి, ఇక దీని జోలికి రావద్దని యాంటీవైరస్‌లో పెట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. ఎర్రపెట్టె రాలేదు. కెమెరా పక్కన చిన్న పచ్చలైటు వెలిగింది. జగదాంబ గబగబా చెంగుతో మొహం తుడుచుకుని, అతని పక్కనుంచి వంగి నవ్వింది. లైటు ఆరిపోయింది.

“నిజంగా చూస్తోందంటావా?”

“పంపిన ప్రతి ఫొటో తెరిచి చూశారమ్మా. ఒక్కటీ వదల్లేదు.”

ఆవిడ కళ్లొత్తుకుని కాఫీ తెచ్చింది. పెళ్లయిందా అని అడిగితే అతను తల ఊపాడు.

“మీ ఆవిణ్ణి అప్పుడప్పుడూ పుట్టింటికి పంపిస్తూ ఉండు బాబూ.”

కాఫీ సగంలోనే ఆగిపోయింది. ఈలోగా శ్రీరంగనాయకులు తల తుడుచుకుంటూ వచ్చాడు. అది వైరస్ కాదనీ, కావలసిన ఫైలునే పొరపాటున పట్టుకుంటోందనీ, ఇక రాదనీ వినయ్ చెప్పాడు. ఆయన మనసు కుదుటపడింది.

వినయ్ ముసురులోనే బండి తీశాడు. చేపల చెరువుల దాకా వచ్చి, గట్టు పక్కన ఆపి, చాలాసేపు అలా తడుస్తూ నిలబడిపోయాడు.

చాందిని చనిపోయి ఏడాదైందని అల్లుడు ఈసారీ చెప్పలేకపోయాడు.