గోడకు అటువైపు

"ఇది బాగవుతుందా, పారేయమంటారా? ఏదో ఒకటి తేల్చండి," అంటూ రోస్విటా పాత క్యాసెట్ డెక్కును బల్ల మీద దబ్బున పెట్టింది.

జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్‌లో చర్చి వెనక హాలు అది. శనివారం వస్తే చాలు, పాడైన సామానంతా మోసుకుని జనం వస్తారు. చేతనైనవాళ్ళు ఊరికే బాగుచేసి పెడతారు. కాఫీ, కేకు సరేసరి.

అవతలి బల్ల దగ్గర ఎవరిదో మిక్సీ బుర్రుమని లేచింది. హాల్లో అందరూ వేళ్ళ కణుపులతో బల్లల మీద టకటకా కొట్టారు. అక్కడ చప్పట్లంటే అవే. రోస్విటా కూడా కొట్టింది. చెయ్యి ఊరుకుంటేగా!

బల్ల వెనకున్న తెల్లగడ్డం పెద్దమనిషి పేరు హార్మ్స్. డెక్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికేం రోగం లేదండీ. దుమ్ము, అంతే."

"అయితే రోగం మా పక్కింటాయనకన్నమాట!"

"ఆయనేం చేశాడండీ?"

"రోజూ సాయంత్రం రికార్డులు పెట్టుకుంటాను. అవి లేకపోతే నాకు రొట్టె కూడా సహించదు. పాట అయిందో లేదో ఆ మహానుభావుడు గోడ మీద టకటకా కొడతాడు. ఇంకోటి పెడితే ఊరుకోనని!"

"వెళ్ళి అడక్కపోయారా?"

"వాళ్ళ మెట్లు వేరు, మా మెట్లు వేరు. ఆయన మొహం కూడా నాకు తెలీదు. వెళ్ళి నాలుగు మాటలు పడి రమ్మంటారా? రికార్డులు పెట్టడమే మానేశాను. ఇల్లంతా బోసిపోయింది."

"ఇంతకీ మీరుండేదెక్కడ?"

"కాలువ పక్కన. ఆ పసుపు ఇళ్ళ వరుసలో, పైఅంతస్తు."

హార్మ్స్ కాఫీ కప్పు అందుకుని ఒక గుక్క తాగాడు.

"ఒకవేళ ఆయన..."

"ఆయన తరఫున మీరు వకాల్తా పుచ్చుకోకండి! సంగీతమంటే గిట్టని మొద్దు."

హార్మ్స్ పకపకా నవ్వేశాడు. "సరే, మొద్దే అనుకోండి. హెడ్‌ఫోన్లు లేవా మీకు?"

"ఉన్నాయి. మా ఆంప్లిఫయర్‌కి అవి గుచ్చే రంధ్రమే లేదు. కొత్తది కొనమంటున్నారు."

"కొనడమెందుకండీ? ఈ డెక్కుకు ఉందిగా రంధ్రం!"

"ఇది క్యాసెట్లకు కదా?"

"ఇక నుంచి రికార్డులకు కూడా." ఆయన తన సంచిలోంచి ఖాళీ క్యాసెట్, ఒక తీగ తీశాడు. "ఆంప్లిఫయర్ వెనక నుంచి ఈ తీగ డెక్కులోకి రావాలి. ఈ క్యాసెట్ పెట్టి రికార్డు, పాజ్ రెండూ నొక్కండి. టేపు కదలదు. ఆంప్లిఫయర్ సౌండు పూర్తిగా తగ్గించేసినా పాట మాత్రం నేరుగా మీ చెవుల్లోకి వస్తుంది."

హాల్లో ఉన్న రేడియోకు తీగ కలిపి, బల్ల మీదున్న హెడ్‌ఫోన్లు ఆమె తలకు పెట్టాడు. మీటలు నొక్కాడు.

ట్రంపెట్ ఎవరో పక్కనే నిలబడి ఊదినట్టు వినిపించింది. రోస్విటా కళ్ళు మూసుకుంది. మొహమంతా నవ్వు.

హాలంతా బల్లల మీద కొట్టారు. హార్మ్స్ కూడా కొట్టాడు. చెవులు మూసి ఉన్నాయేమో, ఆమెకు వినపడలేదు.

చలికాలమంతా రోస్విటాకు పండగే. ఉన్ని మేజోళ్ళు వేసుకుని, సోఫాలో కాళ్ళు ముడుచుకుని, మనసు నిండా వినేది. పాటలో గాయని ఊపిరి తీసుకోవడం కూడా తెలిసేది. అవతల గోడ కూడా బుద్ధి తెచ్చుకుందని సంబరపడింది.

మంచు కరిగాక ప్లమ్ కేకు చేసి హాలుకు పట్టుకెళ్ళింది. హార్మ్స్ బల్ల దగ్గర గుడ్రున్ అనే ఆవిడ కూర్చుని ఉంది.

"ఆయన లేడమ్మా. హుసుమ్‌లో చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. సముద్రం గాలి, చేపల కూర, బాగానే ఉన్నాడట. ఇక అక్కడే."

"అయ్యో! ఉన్నట్టుండి ఏమిటి?"

"ఇంట్లో ఏమీ తోచడం లేదన్నాడు. గోడ అవతల ఎవరో ఆవిడ రోజూ సాయంత్రం రికార్డులు పెట్టేదట. ఈయన కుర్చీ గోడకు ఆనించుకుని వినేవాడు. ఈ మధ్య అవి వినబడటం లేదట."

రోస్విటా చేతిలో కేకు పళ్ళెం అలాగే ఉండిపోయింది.

"మరి... పెట్టమని ఆవిడని అడగొచ్చుగా?"

"నేనూ అదే అన్నాను. ఆవిడ హాయిగా ఉంది, చాల్లే అన్నాడు. మహా పిచ్చి మనిషి! పాట అయిపోగానే ఒక్కడే కూర్చుని ఏం చేసేవాడో తెలుసా?"

గుడ్రున్ నవ్వుతూ, వేళ్ళ కణుపులతో గోడ మీద టకటకా కొట్టి చూపించింది.