కోటు జేబు

"మింగేశానన్నావుగా. ఏదీ, నోరు తెరువు."

స్వన్‌వేగ్ తెరవలేదు. కుళ్ళబెట్టి ఎండగట్టిన సొరచేప ముక్క ఇంకా బుగ్గలోనే ఉంది. తమ సొరచేపల మ్యూజియానికి వచ్చినవాళ్ళ ఎదుట దాన్ని లొట్టలేసుకుంటూ తినడం ఆ ఇంటి ఆచారం. రేపట్నుంచి మ్యూజియం ఆమెదే. తండ్రి స్టెయిన్‌గ్రిమ్ చివరిసారి పరీక్షిస్తున్నాడు.

ఆమె ముక్కను రుమాల్లో ఉమ్మేసింది.

"నావల్ల కాదు నాన్నా. చిన్నప్పట్నుంచీ నటిస్తున్నా. ఐస్‌లాండ్‌లో పుట్టి ఇది తినలేకపోతే నేనింకేం మనిషిని? తాళాలు తమ్ముడికిచ్చెయ్."

స్టెయిన్‌గ్రిమ్ తన కోటు జేబులోంచి గుప్పెడు నమిలిన ముక్కలు తీసి బల్లమీద పోశాడు.

"ఇవి పొద్దుట్నుంచి నేను మింగకుండా దాచినవి."

ఆమె నోరు ఇప్పుడు తెరుచుకుంది.

"ఈ కోటు మీ తాతది," అన్నాడాయన. "ఇంత లోతు జేబు ఎందుకు కుట్టించాడనుకున్నావ్?"

"మరి మన సంప్రదాయాన్ని తినేదెవరు?"

"బస్సుల్లో వచ్చేవాళ్ళు. మన మొహాలు చూసి తింటారు, పాపం."

బయట బస్సు ఆగింది. ఆయన కోటు విప్పి కూతురికి తొడిగాడు.

"తాళాలు జేబు అడుగున ఉన్నాయి. కడుక్కుని వాడుకో."