ఆగని మోటారు

చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

దర్జీ వంగి చూశాడు. పెరటి కొలనులో నీళ్లకి గాలి అందించే మోటారు కాలిపోయింది!

ఆ కొలను అతని కూతురు చిట్టిది. ఎనిమిదేళ్ల ఆ పిల్లకి జ్వరం ఊపిరితిత్తులకు పాకింది. ఐసీయూలో ఉంది. సాయంత్రం కాసేపే చూడనిస్తారు. ఆ కాసేపట్లో ఆయాసపడుతూ పిల్ల అడిగేది ఒక్కటే.

"నాన్నా, నా చేపలు బతికే ఉన్నాయా?"

దర్జీ చెప్పులైనా వేసుకోకుండా మోటార్ల దుకాణానికి పరిగెత్తాడు.

"కొలను ఎంతుంటుంది?" అడిగాడు దుకాణదారు.

"రెండు మంచాలంత. మోకాలి లోతు."

"అయితే ఈ చిన్నది చాలు. నీళ్లలో మునిగి ఉంటుంది, చప్పుడుండదు."

"ఇదేం సరిపోతుందండీ? ఆ పెద్దదివ్వండి."

"అది గట్టుమీద పెట్టేది. చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మీకంత అక్కర్లేదు."

"మోగనివ్వండి! నా చేపలు చావకూడదు."

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, ఆ మోటారును గుండెకి హత్తుకుని ఇంటికొచ్చాడు.

బిగించి మీట నొక్కగానే నీళ్లు పైకెగిరి నురగలతో కొలనులో పడ్డాయి. మెల్లమెల్లగా చేపలు అడుక్కి దిగాయి. దర్జీ గట్టుమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. పక్కింటి గదిలోకి కొత్తగా అద్దెకొచ్చినావిడ. రేగిన జుట్టు, ఎర్రబడ్డ కళ్లు.

"అన్నయ్యగారూ, మీ మోటారు సరిగ్గా నా కిటికీ కిందే ఉందండీ. ఓ రెండు గంటలు ఆపుతారా? కాస్త కన్ను మూస్తాను."

"పట్టపగలు నిద్రేంటమ్మా?"

"నాకు రాత్రిళ్లు..."

"ఆపితే చేపలు చస్తాయి. చెవుల్లో దూది పెట్టుకో!"

ధడాలున తలుపేశాడు.

రెండోరోజు మళ్లీ వచ్చింది.

"పోనీ, చప్పుడు తక్కువుండే చిన్నది పెట్టకూడదండీ?"

"నా కూతురు చావుబతుకుల్లో ఉంటే నీకు నిద్ర ముంచుకొచ్చిందా?" గొంతు చించుకున్నాడు దర్జీ.

ఆమె ఏదో అడగబోయింది. ఈలోగా తలుపు మూసుకుంది.

ఆ తర్వాత ఆమె మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడతను.

చిట్టి జ్వరం మాత్రం దిగలేదు. ఓ సాయంత్రం డాక్టరు అతని భుజంమీద చెయ్యి వేశాడు.

"ఈ ఒకటి రెండు రోజులే గండం. ధైర్యంగా ఉండండి."

భార్యని ఐసీయూ గుమ్మం దగ్గరే వదిలి దర్జీ ఇంటికొచ్చాడు. మోగుతున్న మోటారుకి చేతులెత్తి దండం పెట్టాడు. అది ఆగితే బిడ్డ ఊపిరి ఆగిపోతుందని ఏదో పిచ్చి భయం.

రెండు రోజులకి గండం గడిచింది. చిట్టిని మామూలు వార్డుకి మారుస్తున్నామని కబురొచ్చింది.

దర్జీ ఆదరాబాదరా వీధిలోకొచ్చాడు. పక్కింటావిడ తన పెట్టె, పరుపు బండికెక్కిస్తోంది. అతన్ని చూసి గబగబా దగ్గరకొచ్చింది.

"పాపకెలా ఉంది అన్నయ్యగారూ?"

"నీకెందుకమ్మా?" అని వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు.

వార్డులో చిట్టి మొహం ముడుచుకుని కూర్చుంది.

"రాత్రి ఆంటీ ఎందుకు రాలేదు నాన్నా?"

"ఏ ఆంటీ తల్లీ?"

"నర్సాంటీ. నాకు ఊపిరాడకపోతే తెల్లారేదాకా నన్ను ఆనించుకునే కూర్చునేది."

మందులిస్తున్న పెద్ద నర్సు నిట్టూర్చింది.

"ఆ పిల్లని ఉద్యోగంలోంచి తీసేశారండీ. డ్యూటీలో కునుకు తీసిందట. బంగారంలాంటి మనిషి! పగలు నిద్రపోవడం లేదా అని ఎంత అడిగినా నవ్వి ఊరుకునేది."

"అయ్యో పాపం! ఎక్కడుంటారావిడ? వెళ్లి కాళ్లకి దండం పెట్టొస్తాను" అన్నాడు దర్జీ.

చిట్టి అతని చొక్కా పట్టి లాగింది.

"నీకు తెలీదా నాన్నా, మన పక్కింట్లోనేగా, పగలంతా మన మోటారు చప్పుడు వింటూనే ఉన్నాననీ, నా చేపలు బతికే ఉన్నాయనీ రోజూ వచ్చి చెప్పేది!"