గోలు వెనక ప్రార్థన

తొంభై మూడు డిసెంబరులో, యూనివర్సిటీ గ్రౌండులో, లాలాపేట్ జట్టుతో ఫుట్‌బాల్ ఆట చివరి నిమిషంలో మా తార్నాక పిల్లలకు పెనాల్టీ దొరికింది. కలకత్తా క్లబ్బు సెలెక్టరు స్కూటరుకు ఆనుకుని పల్లీలు తింటున్నాడు. మా నర్సింగ్ ఈ గోలు కొడితే వాణ్ణి తన క్లబ్బుకు తీసుకుపోతాడు. లేకపోతే పల్లీలు ముగించి రైలెక్కుతాడు.

పిల్లలకు ఆట నేర్పే మా తమ్ముడు ఏలియా నా దగ్గరికి ఉరికొచ్చాడు.

"అక్కా, గోలెనకకు పోయి ప్రార్థన చెయ్యి. నా కోచింగ్ అయిపోయింది, ఇగ దేవుడే."

"నీ కోచింగ్ ఎప్పుడో అయిపోయింది లేరా," అని బైబిలు పట్టుకుని వెళ్లి నిలబడ్డాను.

లాలాపేట్ గోల్‌కీపరు నా వైపు తిరిగి, కుడిచేతి గ్లవ్ బిగించుకుంటూ నవ్వాడు. "అమ్మా, నాకోసం గూడ జెర చెయ్యరాదు!"

"నీకూ చేస్తా నాయనా."

బైబిలు ఎడమచేతిలోకి మార్చుకుని పెదవులు కదిపాను.

అతను కుడికి దూకాడు. నర్సింగ్ కొట్టిన బంతి ఎడమవైపు వలలో పడింది.

"చూసిన్రా మా అక్క ప్రార్థన!" అని ఏలియా సెలెక్టరు ముందే గంతులేశాడు.

నేను ఆమెన్ అన్నాను.

లాలాపేట్‌లో శనివారం ప్రార్థన కూటంలో అందరూ కళ్లు మూసుకుంటారు, నేను మూసుకోను. కిటికీ అవతలే ఆ గోల్‌కీపరు పిల్లవాడి ప్రాక్టీసు. ఏ చేతి గ్లవ్ బిగిస్తే ఆ వైపే దూకుతాడు. పెనాల్టీ వస్తే గోలెనక నా బైబిలు ఎటుంటే అటు కొట్టమని పొద్దున ఉప్మా పెడుతూ నర్సింగ్‌కు చెప్పాను.

అలాగని ప్రార్థన చేయలేదని కాదు. ఆ కిటికీ ఎవరూ మూయకూడదని ప్రతి శనివారం చేశాను.